చివరిసారి మార్చిన తేదీ

కావలి నుంచి సీడీ వచ్చింది,
ఎవరిదో పెళ్ళి వీడియో కవరులో.
పైన స్కెచ్‌పెన్నుతో ‘రక్తం’ అని మాత్రం ఉంది.

నెల్లూరు పెద్దాసుపత్రి పోర్టల్లో దీన్ని కలపాలి.
“ఉన్నదాన్ని ఉన్నట్టు లోపల పెట్టెయ్యమ్మా, అంతే గదా”
అన్నారు సూపరింటెండెంటు గారు, ఫైలు మూస్తూ.

ముప్పై ఏడు పేజీలు.
గూడూరు నిమ్మకాయ రంగు వెనకతెర.
మూలన ఇంకా మిణుకుతున్న ‘కొత్త’ గుర్తు.
చూసినవారి లెక్క
నాలుగువేల నూట పద్దెనిమిది దగ్గర ఆగిపోయింది.

తెలుగంతా ఒక పాత ఫాంటులో కట్టింది.
ఆ ఫాంటు నా దగ్గర లేదు, అడిగినవాళ్ళెవరి దగ్గరా లేదు.
పేజీ తెరిస్తే పాత ఇనప సామాన్ల కొట్టు:
డాలర్లు, కొక్కేలు, నెత్తిన కొమ్ములు మొలిచిన ఇంగ్లీషు అక్షరాలు.
మార్చడానికి ప్రోగ్రాము రాశాను. రెండు రోజులు పట్టింది.
పెంచలయ్య యావత్తు రాలిపోయి పెంచలయ అయ్యాడు,
అది పోయి పై వరసలో రమణమ్మ కాళ్ళ కింద చేరింది.

చేత్తో ఒక్కొక్కరినీ సరిచేస్తూ పోతుంటే
కోడు అడుగున, తెరమీదికి రాని చోట,
ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు దొరికింది.
ఏ ఫాంటూ అక్కర్లేని తెలుగు.
బ్రౌజరు ఇన్నేళ్ళూ చదివి, ఎవరికీ చెప్పని మాటలు:

‘ఈయనకి బండి లేదు. ఎవురన్నా పోయి ఎక్కించుకొని రావాల.’
‘రాత్రి రెండింటికి లేపినా కసురుకోడు.’
‘రంజాన్ నెల్లో పొద్దుగూకినాక అడగండి.’
‘సూది చూస్తే కళ్ళు తిరగతాయి. మాట్లాడిస్తా ఉండాల.
రొయ్యలగుంట సంగతి ఎత్తితే చాలు.’
‘ఇంట్లో తెలీదు. కొట్టుకి ఫోన్ చెయ్యండి.’

రాసినవాడు కాలేషా.
ట్రంకురోడ్డులో టీకొట్టు మేడమీద
గంటకి ఇరవై రూపాయల నెట్ సెంటరు అతనిది.
ఇప్పుడక్కడ సెల్‌ఫోన్ కవర్లు అమ్ముతున్నారు,
వాళ్ళకి ఆ పేరు తెలీదు.

పోర్టలు వేరే జాతి.
దానికి పుట్టినతేదీ కావాలి, ఆధార్ కావాలి,
ఎర్రచుక్క గడి ఒక్కటి ఖాళీగా ఉన్నా
మొండి ఎద్దులా కదలదు.
కాలేషా రాసింది వయసు మాత్రమే.
ఇరవై నాలుగు. ఇరవై ఆరు. ముప్పై ఒకటి.
ఇరవయ్యేళ్ళుగా ఆ పేజీల్లో
ఎవరికీ ఒక్క ఏడాదైనా పెరగలేదు.

ఫోన్లు చేశాను.
సగం ల్యాండులైన్లు, మోగే గుణం ఎప్పుడో పోయింది.
మోగిన ఒకాయన అన్నాడు:
“షుగరు బిళ్ళ మింగతా ఉండా మేడమ్,
నా నెత్తురు ఇంక పనికొస్తదో లేదో.
పేరు మాత్రం తీసెయ్యబాకండి.”
తీసెయ్యలేదు. అరవై అయిదు దాటితే
పోర్టలే తీసేస్తుందని ఆయనకి చెప్పనూ లేదు.

‘గమనిక’ అని ఒక గడి చేర్చాను,
ఎర్రచుక్క లేకుండా, డ్యూటీ నర్సుకి మాత్రమే కనబడేలా.
ఎవరి అనుమతీ అడగలేదు.
రెండువందల యాభై అక్షరాలే పడతాయి అందులో.
రొయ్యలగుంట పట్టింది.
పాత చిరునామా కొట్టినవాళ్ళు కొత్త గుమ్మానికి చేరేలా
దారి మళ్ళించాను.

ముప్పై ఏడో పేజీ కాలేషాదే.
ఓ నెగటివ్. వయసు ఇరవై తొమ్మిది.
అడుగున, కనబడని చోట:
‘ఇది నేనే. అడిగేదేముంది, పిలవండి.’

పిలిచాను.
బుచ్చిరెడ్డిపాలెం నుంచి ఎవరో ఎత్తి
“రాంగ్ నంబరండీ, ఈ సిమ్ము నాకొచ్చి నాలుగేళ్ళయింది” అన్నాడు.
పెట్టెయ్యబోయి ఆగాడు.
“నెత్తురు కోసమేనా? వస్తానే ఉంటాయి ఈ నంబరికి.
ఏ గ్రూపు కావాల?”

అతనిది బి పాజిటివ్.
పుట్టినతేదీ అడక్కుండానే చెప్పాడు.
పేరు హజరత్తయ్య.
యావత్తు సరిగ్గా పడిందో లేదో
రెండుసార్లు చూసుకున్నాను.